వాటర్ పంప్ పోయింది, వారంటీ ఉంది: 26 రోజుల డైరీ

ఈ డైరీ రాయడానికి కారణం నేను చేసిన రెండు తప్పులు. లీకు ఎక్కడిదో చెప్పే మరకను నా చేత్తో నేనే తుడిచేశాను. కారు కంప్యూటర్‌లో పడ్డ లోపం కోడ్‌ను కూడా నేనే చెరిపేశాను. రెండూ మంచి పని చేస్తున్నాననుకునే చేశాను. నాలుగు రోజుల్లో అయిపోవాల్సిన పని పదకొండు రోజులు పట్టింది. మీ బండికి ఇలాగే అయితే నా దారిలో వెళ్ళకండి.

బండి సంగతి: 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు. కొని రెండేళ్ల ఏడు నెలలు. మీటర్ 38,412 కి.మీ. వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, మొత్తం 5 లీటర్లు పడుతుంది. దాన్ని ఇంజిన్ అంతా తిప్పేదే వాటర్ పంప్. డాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపించే ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు, మధ్యలో ఏమీ ఉండదు. ఆ ముల్లు లేదన్న బాధతోనే కారు కంప్యూటర్ అంకెలను ఫోన్‌కు పంపే చిన్న పరికరం, ఓబీడీ అడాప్టర్, ఒకటి కొని ఎప్పుడూ పెట్టే ఉంచుతాను. ఫోన్‌లో యాప్ సెకనుకోసారి ఉష్ణోగ్రత రాసుకుంటుంది. చివరికి నన్ను గట్టెక్కించిన వాటిలో ఇదొకటి.

దశ 1: రోడ్డు మీద (రోజు 1, శనివారం సాయంత్రం)

బయల్దేరి ఇరవై నిమిషాలైంది. బోనెట్ వైపు నుంచి సన్నగా కీచుమని శబ్దం, ఆగీ ఆగీ వస్తోంది. బెల్టు అనుకున్నాను. రెండు నిమిషాల తర్వాత తీపి వాసన తగిలింది. కూలెంట్ వేడికి ఆవిరైతే వచ్చే వాసన అది, ఒకసారి పీలిస్తే మర్చిపోరు. అప్పుడు ఆపి ఉండాల్సింది. ఆపలేదు. ఎర్ర లైటు వెలిగాక కూడా పక్కకు తీసే చోటు కోసం 900 మీటర్లు నడిపాను.

లాగ్ ఫైలులో ఆ ముక్క ఇలా ఉంది:

- మామూలుగా నడుస్తున్నప్పుడు: 92 డిగ్రీలు
- 92 నుంచి 118కి ఎక్కడానికి పట్టింది: 3 నిమిషాల 40 సెకన్లు
- ఎర్ర లైటు వెలిగాక ఇంజిన్ ఆపడానికి: 70 సెకన్లు
- ఆపడానికి కాస్త ముందు: 118 నుంచి ఒక్కసారిగా 109

ఆ 109 చూసి హమ్మయ్య అనుకున్నాను. పొరపాటు. సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. కూలెంట్ దిగిపోయి సెన్సార్ చుట్టూ ఆవిరి మిగిలితే అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, ఇంజిన్ లోహం మాత్రం ఇంకా కాలుతూనే ఉంటుంది. వేడి పెరిగి పెరిగి ఏ కారణమూ లేకుండా పడిపోయిందంటే అది శుభవార్త కాదు.

ఆపేముందు ఒక పని మాత్రం సరిగ్గా చేశాను. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి బ్లోయర్ తిప్పాను. ఇంజిన్ వేడిలో కొంత హీటర్ గుండా బయటికి పోతుందని. పైపుల్లోంచి చల్లగాలి వచ్చింది. ఇంజిన్ 118 దగ్గర కాగుతుంటే హీటర్‌లో చల్లగాలి రావడమంటే కూలెంట్ హీటర్ దాకా రావడం లేదన్నమాట. కూలెంట్ లేకపోవాలి, లేదా దాన్ని తోసే పంప్ పనిచేయకపోవాలి. నా విషయంలో రెండూ.

తర్వాత చేసినవి:

1. ఇంజిన్ ఆపాను. బోనెట్ తెరిచి వదిలేశాను. కూలెంట్ ట్యాంకు మూత ముట్టుకోలేదు.
2. గంట ఆగాను. సగం నీళ్ళు, సగం కూలెంట్ కలిపిన ద్రవం మామూలు గాలి ఒత్తిడిలో సుమారు 107 దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఉంటే లోపల ఒక బార్ అదనపు ఒత్తిడి ఉంటుంది కాబట్టి దాదాపు 129 దాకా మరగదు. 118 దగ్గర మూత తిప్పితే ఆ ఒత్తిడి పోయి, ఉన్నదంతా ఒక్కసారి మరిగి ముఖం మీదికి లేస్తుంది. గంట ఆగడం అంటే అతిజాగ్రత్త కాదు.
3. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక రేడియేటర్ పై పైపు, కింది పైపు తడిమాను. పైది వేడి, కిందది చల్లన.
4. ట్యాంకు ఖాళీ. దగ్గరున్న మంచినీళ్ళే 1.4 లీటర్లు పోశాను.
5. స్టార్ట్ చేసి కింద చూశాను. బెల్టు వైపు నుంచి ధార. నిమిషంన్నరలో ఆపేశాను.

నాలుగో పని తప్పని చెప్పను. గత్యంతరం లేకపోతే నీళ్ళే పోయాలి. కానీ ఎంత పోశానో, ఎప్పుడు పోశానో ఫోటో తీసి ఉంచాలి. నీళ్ళ క్యాను, తెరిచిన ట్యాంకు కలిసి వచ్చేలా ఒక ఫోటో అనుకోకుండా తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు. నాలుగో రోజున దాని విలువ తెలిసింది.

సర్వీస్ సెంటర్‌కు మర్నాడు సెలవు. అందుకని టోయింగ్ వాళ్ళను ఇంటికి తీసుకెళ్ళమన్నాను. ఇది మరో తప్పు. నా రోడ్‌సైడ్ సాయం పథకంలో ఒక్కో ఘటనకు ఒక్కసారే ఉచిత టోయింగ్. ఇంటి నుంచి సర్వీస్ సెంటర్‌కి మళ్ళీ నా ఖర్చే. గేటు మూసి ఉన్నా సరే, బండి ముందు సర్వీస్ సెంటర్‌కే చేరాలి.

ఇప్పటికి లెక్క: రోజులు 1, ఫోన్లు 2, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళింది 0, ఓవర్‌హీట్‌లో నడిపిన దూరం 0.9 కి.మీ.

దశ 2: ఇంటి దగ్గర చూసినవి, పాడుచేసినవి (రోజు 2)

వారంటీలో ఉన్న బండికి స్పానర్ పెట్టకూడదన్నది నాకు తెలుసు. చూడటానికైతే అడ్డు లేదు కదా. టార్చి, పళ్ళ డాక్టర్ వాడేలాంటి చిన్న అద్దం, స్టీల్ స్కేలు, ఫోన్ చేతికి తీసుకున్నాను.

వాటర్ పంప్ శరీరంలో కింది వైపు ఒక చిన్న బెజ్జం ఉంటుంది. మెకానిక్‌లు వీప్ హోల్ అంటారు. పంప్ ఇరుసు మీద ఒక పక్క కూలెంట్‌ను ఆపే సీల్, ఇంకో పక్క బేరింగ్. సీల్ అరిగి కూలెంట్ దాటితే అది బేరింగ్‌లోకి పోకుండా మధ్యలో ఈ బెజ్జం గుండా బయటికి కారేలా చేశారు. అక్కడ తడి కనిపించిందంటే సీల్ పోయిందనే.

అద్దంలో చూస్తే ఆ బెజ్జం కింద గులాబీ రంగు కలిసిన తెల్లటి పొర. పెచ్చులు పెచ్చులుగా, ఒకదాని మీద ఒకటి ఉప్పు పేరుకున్నట్టు. వేలితో తడిమితే గరుకుగా, గోరుతో గీకితే పొడి రాలింది. ఒక్కరోజులో అంత మందం రాదు. వారాల తరబడి చుక్క చుక్కగా కారి, ఇంజిన్ వేడికి ఎండి, మళ్ళీ కారి, మళ్ళీ ఎండితే వచ్చే పొర అది. నిన్న సాయంత్రం హఠాత్తుగా పోయిందనుకున్న పంప్ చాలా రోజుల నుంచే పోతూ ఉందన్నమాట.

అంత స్పష్టమైన సాక్ష్యం ముందుపెట్టుకుని నేను చేసిన పని: లీకు ఇంకా బాగా కనిపిస్తుందని తడిగుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచేశాను. ముందు ఫోటో తీశాను, తీశాననే ధైర్యంతోనే తుడిచాను. తర్వాత చూసుకుంటే ఫోటోలో ఫోకస్ వెనకున్న పైపు మీద పడింది. పొర ఉండాల్సిన చోట గులాబీ మబ్బు.

రెండోది. అడాప్టర్ పి0217 అని కోడ్ చూపించింది, ఇంజిన్ మితిమీరి వేడెక్కిందని దాని అర్థం. మళ్ళీ వస్తుందో లేదో చూద్దామని క్లియర్ నొక్కాను. కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోయింది. కోడ్ పడిన క్షణాన వేగం ఎంత, ఉష్ణోగ్రత ఎంత, ఇంజిన్ మీద లోడు ఎంత అని బండి తనంతట తాను తీసుకున్న ఫోటో లాంటిది అది. పైగా కోడ్లు చెరిపితే కంప్యూటర్ స్వీయ పరీక్షలన్నీ "పూర్తి కాలేదు" స్థితికి వెళ్తాయి. చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా విడిగా లెక్క పెట్టుకుంటుంది. అంటే చెరిపిన సంగతి దాగదు, చెరిపిన సమాచారం మాత్రం దక్కదు.

మంచిపని ఒకటే జరిగింది. పంప్ పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) అంచున తెల్ల పెయింట్ చుక్క పెట్టి, ఇంజిన్‌ను పదిహేను సెకన్లే తిప్పి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. ఐడిల్‌లో పంప్ నిమిషానికి సుమారు 900 చుట్లు, అంటే సెకనుకు 15. ఫోన్ సెకనుకు 240 బొమ్మలు తీస్తుంది కాబట్టి ఒక్కో చుట్టుకు 16 బొమ్మలు. పక్కన స్కేలు ఆనించి పెట్టాను. ఒక బొమ్మలో పుల్లీ అంచు స్కేలు గీత మీద ఉంది, ఎనిమిది బొమ్మల తర్వాత గీతకు 2 మిల్లీమీటర్లు ఇవతల. పుల్లీ అంతలా ఊగుతోంది. కీచు శబ్దం బెల్టుది కాదు, బేరింగ్‌ది. చేత్తో ఊపి చూడాలంటే బెల్టు విప్పాలి, అది నేను చేయకూడదు. వీడియోకి ఏమీ విప్పనక్కర్లేదు.

ఇప్పటికి లెక్క: రోజులు 2, ఫోన్లు 3, ఉన్న సాక్ష్యాలు 3 (లాగ్ ఫైలు, నీళ్ళ ఫోటో, పుల్లీ వీడియో), చేజేతులా పోగొట్టుకున్నవి 2.

దశ 3: జాబ్ కార్డు (రోజు 3)

సర్వీస్ అడ్వైజర్ మర్యాదగానే మాట్లాడాడు. కంప్యూటర్‌లో "ఓవర్‌హీట్, చెక్" అని కొట్టి సంతకం పెట్టమన్నాడు. ఆ రెండు ముక్కలతో సంతకం పెట్టి ఉంటే ఇక్కడ రాయడానికి ఇంకో ఐదు పేజీల గొడవ ఉండేది.

"అలా కాదండీ, నేను చెప్పింది చెప్పినట్టు రాయండి" అన్నాను.

"అవన్నీ టెక్నీషియన్ చూసుకుంటాడు సార్."

"చూసుకుంటాడు. కానీ నేను ఏం చెప్పి బండి అప్పగించానో కార్డు మీద ఉండాలి కదా."

చివరికి రాశాడు. పంప్ వైపు శబ్దం, వీప్ హోల్ నుంచి లీకు, ఎర్ర లైటు వెలిగాక 70 సెకన్లలో ఇంజిన్ ఆపడం, అత్యవసరంగా 1.4 లీటర్ల నీళ్ళు పోయడం, కోడ్ పి0217 వచ్చింది, యజమాని చెరిపాడు. చివరిది నేనే రాయించాను. ఎలాగూ స్కానర్ పెట్టగానే తెలుస్తుంది. వాళ్ళు కనిపెట్టి అడగడం కంటే ముందే చెప్పడం మేలు.

అప్పగించేటప్పుడు ఇంజిన్ గదిలో అన్ని వైపుల నుంచి ఫోటోలు తీశాను. ఈసారి ప్రతిదీ అక్కడే పెద్దది చేసి చూసుకున్నాను.

ఇప్పటికి లెక్క: రోజులు 3, ఫోన్లు 4, వెళ్ళింది 1 సారి.

దశ 4: కాదన్నారు (రోజు 4)

మధ్యాహ్నం ఫోన్. వారంటీ వర్తించదట. చెప్పిన కారణాలు మూడు:

1. ప్రెజర్ టెస్ట్‌లో లీకు కనబడలేదు. 1 బార్ ఒత్తిడి పది నిమిషాలు నిలిచింది.
2. కూలెంట్ పలచబడింది. సగం సగం మిశ్రమమైతే సున్నాకు 37 డిగ్రీలు కింద గడ్డకట్టాలి, వాళ్ళ గాఢత మీటర్ 20 కిందే అని చూపించింది. మామూలు నీళ్ళు వాడటం వల్లే సీల్ పాడైందని వాళ్ళ ఉద్దేశం.
3. కోడ్లు చెరిపి ఉన్నాయి, చెరిపాక తిరిగిన దూరం సున్నా. బయట ఎవరో చెయ్యి పెట్టి ఉంటారని అనుమానం.

నిజం చెప్పాలంటే టెన్షన్ పడ్డాను, కోపం కూడా వచ్చింది. ఫోన్‌లో వాదించలేదు. "ఈ మూడూ నాకు మెయిల్‌లో రాసి పంపండి" అని మాత్రం అడిగాను. గంటన్నరలో వచ్చింది. మాటల్లో గట్టిగా ఉన్నది రాతలోకి వచ్చేసరికి కాస్త మెత్తబడింది. "బయట ఎవరో చెయ్యి పెట్టారు" అన్నది "కోడ్లు చెరిపిన చరిత్ర గమనించబడినది" అయింది.

ఇప్పటికి లెక్క: రోజులు 4, ఫోన్లు 6, వెళ్ళింది 1 సారి.

దశ 5: జవాబు రాయడం (రోజు 5)

రెండు సార్లు రాసి కొట్టేశాను. మొదటిది తిట్లు. రెండోది బతిమాలడం. మూడోసారి కారణానికో పేరా, పేరాకో కాగితం.

ప్రెజర్ టెస్ట్ గురించి: చల్లని ఇంజిన్ మీద, ఆగి ఉన్న పంప్ మీద చేశారు. పంప్ సీల్ అంటే రెండు ముఖాలు ఒకదాని మీద ఒకటి ఒరుసుకునే ఏర్పాటు. ఇరుసు ఆగి ఉంటే అవి అతుక్కుని కూర్చుంటాయి. బేరింగ్ వదులై ఇరుసు ఊగుతున్నప్పుడే ముఖాలు విడిపోయి కారుతుంది. అందుకే ఇంజిన్ వేడెక్కాక, తిరుగుతుండగా చూడమన్నాను. పుల్లీ వీడియో జతచేశాను.

నీళ్ళ గురించి: లెక్క వేశాను. 5 లీటర్లలో 1.4 లీటర్లు పోయి ఆ చోట నీళ్ళు వచ్చాయి. మిగిలిన 3.6 లీటర్లలో సగం, అంటే 1.8 లీటర్లు అసలు కూలెంట్. 1.8ని 5తో భాగిస్తే 36 శాతం. ఆ పాళ్ళకు గడ్డకట్టే హద్దు సున్నాకు సుమారు 20 కిందే వస్తుంది. అంటే వాళ్ళ మీటర్ చూపించింది శనివారం సాయంత్రం నేను పోసిన నీళ్ళనే, అంతకుముందు పోసినవి కావు. తేదీ, సమయం ఉన్న ఫోటో జతచేశాను. నిమిషంన్నర తిరిగిన నీళ్ళు సీల్‌ను తినేయవు. పైగా సీల్ పోయాకే నీళ్ళు పోశాను.

కోడ్ల గురించి: చెరిపింది నేనేనని మూడో రోజు జాబ్ కార్డు మీదే రాసి ఉంది.

అన్నిటికంటే బరువైన కాగితం నాది కాదు, వాళ్ళదే. ఐదు వారాల కిందట, 2,100 కి.మీ. ముందు, అదే సెంటర్‌లో సర్వీస్ అయింది. ఆ చెక్‌లిస్టులో "కూలెంట్ మట్టం, గాఢత" గడిలో టిక్ ఉంది, టెక్నీషియన్ పొట్టి సంతకంతో. యజమాని నిర్లక్ష్యం అనాలంటే ముందు ఆ టిక్ తప్పని ఒప్పుకోవాలి.

సర్వీస్ తర్వాత ఐదు వారాలపాటు నేను బోనెట్ ఎత్తి ట్యాంకు చూడలేదన్నది కూడా నిజమే. మాన్యువల్‌లో మధ్యమధ్య చూసుకోవాలని ఉంది. ఆ ముక్క ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

దశ 6: వేడి మీద పరీక్ష (రోజు 6)

సీనియర్ టెక్నీషియన్ ఒకాయన వచ్చాడు. వీడియో రెండు సార్లు చూశాడు, తల ఊపాడు, అద్దం అడిగాడు. నేను తుడిచింది వీప్ హోల్ కింద మాత్రమే. బెల్టు కవర్ లోపలి ముఖం మీద, పంప్ వెనక ఇంజిన్ గోడ మీద అదే గులాబీ తెలుపు పొర అంగుళం మేర అలాగే ఉంది. నాకు చెయ్యి అందని చోటు. అందకపోవడమే అదృష్టం.

1. కూలెంట్‌లో యూవీ కాంతికి మెరిసే రంగు కలిపారు.
2. ఇంజిన్‌ను ఫ్యాన్ రెండు సార్లు తిరిగి ఆగేదాకా నడిపారు.
3. యూవీ (అతినీలలోహిత) కాంతి టార్చితో చూశారు. వీప్ హోల్ నుంచి పచ్చటి గీత జారుతోంది.
4. ఇంజిన్ ఆపి, వేడి తగ్గకముందే ప్రెజర్ కట్టారు. 1 బార్ నుంచి పది నిమిషాల్లో 0.6కి దిగింది.

మొదటి రోజే ఇలా చేసి ఉంటే సరిపోయేది. కానీ "ఓవర్‌హీట్, చెక్" అన్న బండికి చల్లని పరీక్షే చేస్తారు. వాళ్ళకూ రోజుకు ముప్పై బండ్లు.

అక్కడే ఇంకో రెండు పరీక్షలు అడిగాను. 118 దాకా వెళ్ళిన ఇంజిన్‌కు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ బ్లాక్‌కూ మధ్య ఉండే సీల్) దెబ్బతిని ఉండొచ్చు. ఆ దెబ్బ ఇవాళ కనిపించకపోయినా ఆరు నెలల తర్వాత బయటపడితే అప్పటికి వారంటీ ఉండదు. ట్యాంకు మూతి దగ్గర నీలం ద్రవం పెట్టి చేసే పరీక్షలో, ఇంజిన్ లోపల మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే నీలం పసుపవుతుంది. నీలంగానే ఉంది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి, నాలుగు సిలిండర్లకూ 13.1, 13.0, 12.8, 13.1 బార్. తేడా చాలా తక్కువ, ఊపిరి పీల్చుకున్నాను. ఈ అంకెలు జాబ్ కార్డు మీద రాయించాను. రిపేరు మొత్తంలో నేను అడిగిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇప్పటికి లెక్క: రోజులు 6, ఫోన్లు 8, వెళ్ళింది 2 సార్లు.

దశ 7: ఎదురుచూపు, పార్టు, రిపేరు (రోజులు 7 నుంచి 11)

కంపెనీ అనుమతి ఎనిమిదో రోజున వచ్చింది. పంప్, గ్యాస్కెట్, కూలెంట్, కూలి వారంటీలో. బెల్టు మాత్రం అరిగే సామాను కాబట్టి కాదన్నారు. కూలెంట్‌లో తడిసిన బెల్టు అది, పంప్ పోకపోతే తడిసేది కాదు. వాదిస్తే గెలిచేవాణ్ణేమో. కానీ మళ్ళీ మెయిలు, మళ్ళీ అనుమతి, మళ్ళీ మూడు రోజులు. బెల్టు డబ్బు నేనే కట్టాను. తడిసిన పాత బెల్టునే మళ్ళీ ఎక్కించమనడం మాత్రం వద్దు.

పదో రోజున పార్టు వచ్చింది, విప్పే సమయానికి వెళ్ళాను. వారంటీ పార్టును కంపెనీకి తిప్పి పంపుతారు, మనకు ఇవ్వరు. అందుకని చూసుకోవాల్సింది, ఫోటోలు తీసుకోవాల్సింది ఆ పది నిమిషాల్లోనే. పాత పంప్ చేతిలోకి తీసుకుని పుల్లీ పట్టుకు ఊపితే లోపల టకటకమంది. తిప్పితే ఇసుక నలిగినట్టు. లోపలి రెక్కలు బాగానే ఉన్నాయి, ఇరుసు చుట్టూ తుప్పు ఎరుపు. సీల్ దాటిన కూలెంట్ అంతా వీప్ హోల్ గుండా పోలేదు, కొంత బేరింగ్‌లోకి పోయి గ్రీజును కడిగేసింది.

బోల్టులు చిన్నవి, అల్యూమినియంలో బిగించేవి. ఈ ఇంజిన్‌కు 10 న్యూటన్ మీటర్లు. టెక్నీషియన్ టార్క్ రెంచి (బిగింపు బలం కొలిచే స్పానర్) వాడాడు. అడగకుండానే వాడాడు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పదకొండో రోజు బండి చేతికొచ్చింది. బిల్లులో కొత్త పంప్ పార్టు నంబరు, తేదీ, మీటర్ రీడింగ్ ఉన్నాయో లేదో చూసుకున్నాను. కొత్త పంప్‌కు కొత్తగా మూడేళ్లేమీ రావు, అసలు వారంటీలో మిగిలిన ఐదు నెలలే.

ఇప్పటికి లెక్క: రోజులు 11, ఫోన్లు 15, వెళ్ళింది 4 సార్లు.

దశ 8: మళ్ళీ దిగుతోంది (రోజులు 12 నుంచి 18)

ఇంటికి రాగానే ట్యాంకు మీద నిలువుగా కాగితపు టేపు అంటించి మిల్లీమీటర్ గీతలు గీశాను. చల్లని ఇంజిన్‌లో సిరంజితో 100 మి.లీ. తీసి చూస్తే మట్టం 11 మిల్లీమీటర్లు దిగింది, తిరిగి పోస్తే అంతే ఎక్కింది. అంటే ఒక మిల్లీమీటరుకు సుమారు 9 మి.లీ. రోజూ ఉదయం, అదే చోట, స్టార్ట్ చేయకముందే రీడింగ్.

- రోజు 12: 7 మి.మీ. తగ్గింది
- రోజు 13: 4
- రోజు 14: 4
- రోజు 15: 5
- రోజు 16: 4
- రోజు 17: 4

మొత్తం 28 మి.మీ., సుమారు 250 మి.లీ., 230 కిలోమీటర్లలో.

మొదటి రోజు 7 చూసి కంగారు పడలేదు. కూలెంట్ కొత్తగా నింపాక లోపల చిక్కిన గాలి బయటికొస్తూ మట్టం కొంత దిగుతుంది. కానీ గాలి వల్లయితే రోజురోజుకూ తగ్గుతూ ఆగిపోవాలి. ఇది 4, 4, 5, 4, 4. ఆగేలా లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

నేల మీద ఒక్క చుక్క లేదు. వీప్ హోల్ పొడిగా ఉంది. హెడ్ గ్యాస్కెటే అనుకుని ఒక రాత్రి నిద్ర పాడుచేసుకున్నాను, జాబ్ కార్డు మీద ఆ నీలం పరీక్ష రాసి ఉండబట్టి తెల్లారేసరికి కాస్త కుదుటపడ్డాను. బండి అడుగున ప్లాస్టిక్ తొడుగు ఉందన్న సంగతి అప్పుడు తట్టింది. లీకైంది నేల దాకా రాదు, ఆ తొడుగులోనే నిలిచి, కదిలినప్పుడు చెదిరిపోతుంది. పొడవాటి పుల్లకు టిష్యూ కాగితం చుట్టి పైపుల అతుకులన్నీ ఒక్కొక్కటే ఒత్తి చూశాను. నాలుగో అతుకు, రేడియేటర్ కింది పైపు దగ్గర, టిష్యూ గులాబీ రంగుకు తిరిగింది.

అద్దంలో చూస్తే పైపును బిగించి పట్టే స్ప్రింగ్ క్లాంపు వంకరగా కూర్చుంది. పైపు మూతి దగ్గరుండే గట్టుకు అవతల ఉండాల్సినది సగం గట్టు మీదికెక్కి ఉంది. కూలెంట్ వంపడానికి ఆ పైపు తీసి మళ్ళీ పెట్టారు, అప్పుడు జరిగింది. రెండు వేళ్ల పని. చెయ్యి దురద పెట్టింది. ముట్టుకోలేదు. ఆరు రోజుల పట్టిక, టిష్యూ ఫోటో, క్లాంపు ఫోటో పట్టుకుని వెళ్ళాను. ఈసారి వాదనే లేదు. అడ్వైజర్ పట్టిక చూసి, "ఇదంతా మీరే కొలిచారా సార్?" అని లోపలికి పంపాడు. రెండు గంటల్లో క్లాంపు సరిచేసి, పైపు మూతి తుడిచి, మట్టం నింపారు.

డాష్‌బోర్డు వెనక నుంచి వాగులో నీళ్ళు పారినట్టు గలగల వస్తోందని కూడా చెప్పాను. హీటర్‌లో గాలి చిక్కిందన్నారు. బండి ముక్కు ఎత్తులో ఉండేలా పెట్టి, హీటర్ ఫుల్ వేడి మీద ఉంచి, గాలి బుడగలు ఆగేదాకా నడిపారు. ఇది పదకొండో రోజే చేయాల్సిన పని. మీరు బండి తీసుకునేముందు హీటర్ వేడిగా వస్తోందా, లోపల గలగల ఉందా అని రెండు నిమిషాలు చూసుకోండి.

ఇప్పటికి లెక్క: రోజులు 18, ఫోన్లు 17, వెళ్ళింది 5 సార్లు.

దశ 9: చివరి కొలతలు (రోజు 26)

క్లాంపు సరిచేశాక 520 కిలోమీటర్లు. మొదటి రెండు రోజుల్లో కలిపి 3 మి.మీ. దిగింది, తర్వాత వరసగా ఆరు ఉదయాలు సున్నా. యాప్‌లో ఉష్ణోగ్రత 89 నుంచి 96 మధ్య. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు 99కి ఎక్కితే ఫ్యాన్ తిరిగి 94కి దింపుతోంది. కోడ్లు ఏమీ లేవు, స్వీయ పరీక్షలన్నీ పూర్తయ్యాయి. పుల్లీ వీడియో మళ్ళీ తీశాను, పుల్లీ అంచు పదహారు బొమ్మల్లోనూ గీత మీదే ఉంది.

వారంటీ ముగియడానికి నెల ముందు ఫోన్‌లో ఒక గుర్తు పెట్టుకున్నాను. ఆ రోజు ఇంకోసారి కంప్రెషన్ చూపించి ఆరో రోజు అంకెలతో పోల్చాలి. ట్యాంకు మీద టేపు తీయలేదు, వారానికోసారి చూస్తే చాలు.

ఇవాళ పొద్దున అద్దం పెట్టి వీప్ హోల్ చూశాను. కింద ఆవగింజంత గులాబీ చుక్క ఒకటి ఎండిపోయి ఉంది. కొత్త సీల్ కుదురుకునేటప్పుడు ఆ మాత్రం రావడం మామూలే. ఫోటో తీశాను, పెద్దది చేసి ఫోకస్ చూసుకున్నాను. తుడవలేదు.